పోలవరం రేవులో వెనిస్ దొరసాని

ఈమధ్య మన సినిమాల్లో హీరో హీరోయిన్లు కలుసుకోవాలంటే విమానం ఎక్కక తప్పడం లేదు. ఏ ఇటలీలోనో దిగాలి. ఒకళ్ల సూట్‌కేసు ఇంకొకళ్ల చేతికి మారాలి. ఇద్దరూ తెలుగువాళ్లే అని రెండో రీలులో బయటపడాలి. మూడో రీలులో మంచు కురవాలి.

ఇది కొత్త కథేం కాదు సుమండీ! అల్లసాని పెద్దనగారు సుమారు ఐదు వందల ఏళ్ల కిందటే రాసిపెట్టారు. కాళ్లకి పసరు రాసుకుని హిమాలయాలకి టూరు కొట్టిన ప్రవరుడు మన మొదటి ఫారిన్ రిటర్న్ హీరో. తీరా అక్కడ వరూధిని లాంటి అందగత్తె ఎదురై మనసు పడితే, ఆ మహానుభావుడు అడిగిందల్లా మా ఊరికి దారెటు అని! నలభైల్లో ఈ కథని 'వరూధిని' అనే పేరుతో సినిమాగా తీశారు. ప్రవరుడి వేషంతో తెరమీదికి వచ్చిన ఆ కొత్త నటుడెవరో తెలుసా? మన ఎస్.వి. రంగారావే.

ప్రవరుణ్ణి చూసి నవ్వే హక్కు నాకు లేదు. పోలవరంలో నేనూ అలాంటి పనే చేశాను. ఆ భోగట్టా చెబుదామనే ఈ కాగితాలు.

శివరాత్రి నాడు చందమామ

పోలవరం అంటే ఇప్పుడు మీకు ప్రాజెక్టు గుర్తొస్తుంది. మా రోజుల్లో రేవు గుర్తొచ్చేది. గోదావరికి పడమటి ఒడ్డున ఊరు. కాస్త దిగువన, ఏటి మధ్య కొండ మీద పట్టిసీమ వీరభద్రుడు. శివరాత్రికి పడవల మీద పడవలు, జనం మీద జనం. తీర్థంలో జీళ్లు, బూరలు, రంగుల గాజులు. ఆ రాత్రి జాగారం. జాగారమంటే నాటకాలు. పోలవరానికీ నాటకాలకీ పాత చుట్టరికమే. కృష్ణ రాయబారం పద్యాలతో ఆంధ్రదేశాన్ని ఊపేసిన తిరుపతి వేంకట కవులు కొన్నాళ్లు పోలవరం జమీందారుగారి ఆస్థానంలో ఉన్నవాళ్లే.

1978 శివరాత్రికి మా కాలేజీ కుర్రాళ్లం ఓ ఆరుగురం అక్కడికి నాటకం పట్టుకెళ్లాం. అసలు నాటకం మాది కాదు. అసలుది పద్య నాటకం. కృష్ణుడు గెడ్డం గీయించుకుని, రంగు పూసుకుని, కిరీటం సర్దుకునేదాకా జనం లేచిపోకుండా ఆపడానికి మా అరగంట హాస్య నాటిక. దాని పేరు చెప్పను. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

కథ మాత్రం ఇంగ్లీషుది. అంతకుముందు మార్నింగ్ షోలో 'సమ్మర్‌టైమ్' అనే పాత పిక్చర్ చూశాం. 1955లో డేవిడ్ లీన్ తీశాడు. అమెరికాలో టైపు కొట్టుకునే ఓ పెళ్లికాని ఉద్యోగిని, డబ్బు కూడబెట్టుకుని వెనిస్ చూడ్డానికి వస్తుంది. అక్కడ పాత సామాన్ల కొట్టు నడిపే ఓ ఇటలీ ఆయనతో పరిచయమవుతుంది. ఆవిడగా కేథరిన్ హెప్‌బర్న్ వేసింది. వెనక్కి నడుస్తూ కాలవలో పడిపోయే సీను ఒకటుంది. డూపు లేకుండా ఆవిడే పడింది. ఆ మురికినీళ్లకి వచ్చిన కంటి జబ్బు ఆవిణ్ణి బతికినంతకాలం వదల్లేదుట! ఇంకో సంగతి. ఆ సినిమాకి ముందు అది స్టేజి నాటకమే. ఆర్థర్ లారెంట్స్ రాసిన 'ది టైమ్ ఆఫ్ ది కుకూ' 1952లో న్యూయార్కులో ఆడింది. అంటే స్టేజి మీద నుంచి తెరకెక్కిన కథని మేము మళ్లీ పోలవరంలో స్టేజికి దింపామన్నమాట.

హెప్‌బర్న్ వేషం ఎవరిదనుకున్నారు? నాదే. మీసాలు సరిగా రాకపోవడం నా అర్హత. ఎవరింట్లోవో కిటికీ కర్టెన్లు కత్తిరించి గౌను కుట్టారు. కళ్లకి అంగుళం మందాన కాటుక పెట్టారు. ఇద్దరు కుర్రాళ్లు నీలం చీర అటూ ఇటూ పట్టుకుని ఊపితే అది వెనిస్ కాలువ. నవారు మంచం తిరగేస్తే పడవ. పైన అట్టముక్కకి వెండికాగితం అంటించి పెద్ద చందమామ.

మొదటి దెబ్బ చందమామ దగ్గరే తగిలింది. శివరాత్రంటే అమావాస్య ముంగిట. "ఒరే, శివరాత్రికి చందమామేంట్రా!" అని వెనకనించి ఒకడు కేకేశాడు. రెండో దెబ్బ పడవ దగ్గర. జనంలో సగం మంది గోదావరి మీద బతికేవాళ్లు. హీరోగారు తెడ్డు వేసేసరికి ముందు వరసలో కూర్చున్న ఓ లాంచీ సరంగు లేచి, "బాబూ, ఎదురు నీటికి అలా తిప్పితే పడవ తిరగబడుద్దండి!" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. ఆ తరవాత మా డైలాగులెవరూ వినలేదు.

సినిమాలో ఆవిడ రైలెక్కి వెళ్లిపోతుంది. ఆయన చేతిలో పువ్వు పట్టుకుని రైలు వెంట పరిగెత్తి, అందుకోలేక ఆగిపోతాడు. పండగపూట ఏడుపెందుకని మేము రైలు తప్పించేసి, ఆ ఇద్దరికీ అన్నవరంలో పెళ్లి చేసేశాం. జనం చప్పట్లు కొట్టారు. మా నాటిక అయిపోయినందుకని తరవాత తెలిసింది.

కాటుక కళ్లు

మర్నాడు పొద్దున్నే ఎగువకెళ్లే లాంచీ ఎక్కాం. ఇంతదూరం వచ్చి పాపికొండలు చూడకపోతే ఎలా అని. అప్పట్లో లాంచీ అంటే టూరిస్టుల కోసం కాదు. మన్యం ఊళ్లకి అదే బస్సు. చింతపండు బస్తాలు, కోళ్ల గంపలు, కిరసనాయిలు డబ్బాలు, వాటి మధ్య మనుషులు. మా బృందం పైకప్పెక్కింది. నిద్రలేని కళ్లకి ఎండ పడక నేను కింద కూర్చున్నాను. ఎదురుగా ఓ బామ్మగారు, పక్కన మనవరాలు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లుండొచ్చు. జాగారం చేసిన మొహాలే ఇద్దరివీ.

ఆ అమ్మాయి నన్ను ఓసారి చూసి తల తిప్పుకుంది. మళ్లీ చూసింది. నేను కొంచెం సర్దుకు కూర్చున్నాను. మూడోసారి చూసి, నవ్వు బిగబట్టుకుంటూ అడిగింది.

"రాత్రి ఆ దొరసాని మీరేనాండీ?"

గతుక్కుమన్నాను. కాటుక! గోదాట్లో ముఖం కడుక్కున్నా వదల్లేదు. అవునని ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను?

"కథ కూడా మీరే రాశారా?"

"సగం."

"ఏ సగం? బాగున్న సగమా, బాగోని సగమా?"

అలా మొదలైంది. విమర్శకులు చాలామంది నా రాతల్ని చీల్చారు తరవాత. కానీ ఆ పిల్ల చీల్చినంత ముచ్చటగా ఎవరూ చీల్చలేదు.

"ఆవిడ అంతదూరం నించి వచ్చింది కదా. మీదే ఊరు, మీ వాళ్లెవరు అని ఆయన ఒక్కసారి కూడా అడగడేంటండీ? ఎంతసేపూ చందమామ, గోదారి... కాలవేలెండి... ఇవేనా మాటలు? ఊరూ పేరూ తెలీకుండా రేపు రైలెక్కితే ఆవిణ్ణెక్కడ వెతుక్కుంటాడు పాపం?"

"అందుకే కదండీ పెళ్లి చేసేశాం" అన్నాను.

"ఊరు తెలీని పెళ్లికి శుభలేఖ ఎవరికి పంపారూ?"

నా దగ్గర జవాబు లేదు. కొంగున కట్టిన తీర్థం జీళ్లు విప్పి నాలుగు నా చేతిలో పెట్టింది. జీళ్లు నోట్లో ఉంటే వాదించలేరు కదా. అది కూడా తెలుసు ఆ పిల్లకి.

ఈలోగా బామ్మగారు నిద్ర లేచారు. ఆవిడ మనవరాలిలా డొంకతిరుగుడు మనిషి కాదు. "ఏ ఊరు నాయనా? ఎవరబ్బాయివి? ఇంటిపేరేవిటి? అక్కచెల్లెళ్లెందరు? చదువయ్యాక ఏం చేద్దామని?" అంటూ పావుగంటలో నా జాతకమంతా లాగేశారు. గోత్రం కూడా చెప్పేశాను. నేను మాత్రం ఆ ఇద్దర్నీ ఏమీ అడగలేదు. అడగాలనే ఉంది. ఆడపిల్ల పేరు అడిగితే ఏమనుకుంటారో అని బెరుకు. పైన మావాళ్లున్నారు, ఏడిపిస్తారని ఇంకో బెరుకు.

లాంచీ ఆగుతూ, కదులుతూ, దేవీపట్నం రేవుకి చేరింది. వాళ్లు దిగే ఊరు అదే. బామ్మగారి మూట నేనందించాను. ఆవిడ ఒడ్డుమీద నిలబడి, "ఎప్పుడైనా ఇటొస్తే మా ఇంటికి రా నాయనా. మా ఇల్లెవరినడిగినా చెబుతారు" అన్నారు. మనవరాలు ఏమీ అనలేదు. తన కళ్ల కింద చూపుడువేలితో గీసి చూపించి, కాటుక తుడుచుకోమని సైగ చేసి, మెట్లెక్కి వెళ్లిపోయింది.

లాంచీ కదిలింది. పేరు తెలుసుకోలేదే అని ప్రాణం ఉసూరుమంది. మరుక్షణం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎవరినడిగినా చెబుతారన్నారుగా! పరీక్షలయ్యాక తీరిగ్గా వద్దాం. ఊరెక్కడికి పోతుంది?

లాంచీలో ఉన్న కిటుకు

ఆ తరవాత నాకో సంగతి తట్టింది. ప్రేమకథకి ఫారిన్ అక్కర్లేదు. మధ్యలో దిగిపోవడానికి వీల్లేని వాహనం కావాలి, అంతే. బస్సులో పక్కవాడు నచ్చకపోతే తరవాతి స్టాపులో దిగొచ్చు. లాంచీలో ఎక్కడికి దిగుతారు? నడి గోదాట్లోకా? అంచేత పోట్లాడిన వాళ్లతోనే పులిహోర పంచుకోవాలి. పైగా ఎదురు నీటికి లాంచీ నిదానంగా పోతుంది. రాజమండ్రి దగ్గర మైలున్నరకు పైగా పరుచుకున్న నది ఎగువకు పోయేకొద్దీ కొండల మధ్య ముడుచుకుంటుంది. పాపికొండల దగ్గర రెండు పక్కలా కొండలు స్టేజికి కట్టిన తెరల్లా దగ్గరికొస్తాయి. ఇంకో మలుపు తిరిగితే దారే లేదేమో అనిపిస్తుంది. తీరా దగ్గరికెళితే తెర తొలగుతుంది. అటువంటి చోట అపరిచితులు ఎంతసేపని అపరిచితులుగా ఉంటారు?

ఈ కిటుకు మన సినిమావాళ్లకి ముందే తెలుసు. 1964లో ఆదుర్తి సుబ్బారావుగారు 'మూగ మనసులు'ని గోదావరి మీద నడిపించారు. 1973లో బాపు, రమణలు 'అందాల రాముడు'లో ఏకంగా సినిమానే లాంచీ ఎక్కించేశారు. రాజమండ్రిలో బయల్దేరి, భద్రాద్రి రాముడి కల్యాణానికి వెళ్లే ప్రయాణం. అక్కినేని, లత, వాళ్ల చుట్టూ లోకంలో ఉన్న రకరకాల మనుషులు. రమణగారిది ధవళేశ్వరం, బాపుగారిది నరసాపురం. గోదారి నీళ్లు తాగినవాళ్లు కాబట్టి ఆ లాంచీలో ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో వాళ్లకి తెలుసు.

ముప్ఫై మూడేళ్లకి, 2006లో, శేఖర్ కమ్ముల 'గోదావరి' తీశారు. అదే నది, అదే భద్రాచలం ప్రయాణం. సుమంత్ శ్రీరామ్, కమలినీ ముఖర్జీ సీతామహాలక్ష్మి. హైదరాబాదులో హాల్లో కూర్చుని చూస్తున్నాను. పడవ ఎగువకు సాగుతోంది. ఆ అమ్మాయి సూటిగా, పెంకిగా మాట్లాడుతోంది. నా చెయ్యి తెలీకుండానే కంటి కిందికి వెళ్లింది, కాటుక తుడుచుకోవడానికి. పక్కన కూర్చున్న మా ఆవిడ చూసి, "జీళ్లు గుర్తొచ్చాయా?" అంది. ఆవిడకి ఈ కథంతా తెలుసు. పెళ్లయిన మొదటి ఏడే చెప్పేశాను. నాలుగుసార్లు విని నాలుగుసార్లూ నవ్వింది.

ఇంతకీ దేవీపట్నం వెళ్లారా అంటారు మీరు. వెళ్లలేదు. పరీక్షలయ్యాయి. ఉద్యోగం వచ్చింది. తరవాత వెళితే ఏం బాగుంటుంది అనిపించింది. ఇంకా తరవాత ఆ ఆలోచనే మరుగున పడింది. ప్రవరుడు నయం. వచ్చిన దారి అయినా అడిగాడు.

మళ్లీ రేవుకి

ఈమధ్య మా ఆవిడే అంది, ఓసారి వెళ్లి చూసి రండి అని. వెళ్లాను.

పోలవరం రేవులో నిలబడి, పాత అలవాటు కొద్దీ అడిగాను, ఎగువకి లాంచీ ఎప్పుడని. రేవులో ఉన్న మనిషి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎగువకాండీ? మజ్జిలో ప్రాజెక్టుంది కదండీ. లాంచీ ఎగిరెల్లాలండి బాబూ!"

నిజమే. ఊరికి కాస్త ఎగువన నలభై ఎనిమిది గేట్ల స్పిల్‌వే నిలబడి ఉంది. ఎనభైల తొలినాళ్లలో శంకుస్థాపన జరిగి, 2004 తరవాత పనులు మొదలై, 2014లో జాతీయ ప్రాజెక్టు అయింది. 2021 జూన్‌లో గోదావరిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. రాజమండ్రిలో ఎక్కి భద్రాచలంలో దిగే ఆ లాంచీ ప్రయాణం ఇక లేదు. 'అందాల రాముడు' మళ్లీ తీయాలంటే రాముడు సగం దారిలో దిగి బస్సెక్కాలి. ప్రాజెక్టు వద్దని నేననడం లేదు. నీళ్లు రావాలి, పొలాలు పండాలి. అన్నం తినేవాణ్ణే నేనూ. కానీ ఆ అన్నం కోసం ఎవరు ఏం వదులుకున్నారో తెలుసుకుని తింటే బాగుంటుంది.

తూర్పు ఒడ్డుకి చేరి, రోడ్డు మీద గండి పోచమ్మ గుడిదాకా వెళ్లాను. పాపికొండలకి టూరిస్టు బోట్లు బయల్దేరేది అక్కడే. 2019 సెప్టెంబరు 15న ఇలాగే బయల్దేరిన ఓ బోటు వరదలో కచ్చులూరు దగ్గర మునిగి యాభైమంది దాకా పోయారు. ఆ తరవాత రెండేళ్లు బోట్లు ఆగిపోయాయి. లైఫ్ జాకెట్ వేసుకోమంటే ఫోటో పాడవుతుందని మొహం చిట్లించే కుర్రాళ్లు కనిపించారు. వేసుకోండి నాయనా. జాకెట్ వేసుకుంటే హీరోయిన్ చూడదని ఏ సినిమాలోనూ లేదు.

బోటు కదిలింది. మైకులో పాటలు. బోటులో పనిచేసే ఒకతను, నలభై దాటినవాడు, టీలు ఇస్తూ నా దగ్గరికొచ్చాడు. దేవీపట్నం ఎప్పుడొస్తుందని అడిగాను.

"ఒచ్చేసిందండి. అదుగో" అన్నాడు.

చూశాను. నీళ్లు. ఒడ్డున మొండిగోడలు. తలుపుల్లేని గుమ్మాలు. మెట్ల రేవు ఎక్కడో గుర్తుపట్టలేకపోయాను.

"మాదీ ఈ ఊరేనండి. కాఫర్ డ్యామ్ కట్టాక వరదొస్తే నీళ్లు ఎనక్కి తన్నేయండి. ఊరు కాళీ చేసేశాం. ఇప్పుడు కాలనీలో ఉంటన్నాం."

ఒక్క దేవీపట్నమే కాదు. ప్రాజెక్టు కింద కదలాల్సిన కుటుంబాలు లెక్కకి లక్ష దాటాయి. వాళ్లలో కొండరెడ్లు, కోయలు ఎందరో. సినిమాల్లో వెనకాల కనిపించి, మనం పేరు అడగని ఊళ్లన్నీ వాళ్లవే.

నేను నీళ్లు నమిలి, అసలు సంగతి అడిగాను. 1978లో ఇక్కడో బామ్మగారు, మనవరాలు ఉండేవారని. పేరేంటండీ అన్నాడు. తెలీదన్నాను. ఇంటిపేరు? తెలీదు. ఎవరి తాలూకా? తెలీదు. అతను నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"ఊరుంటే చెప్పేవోళ్లమండి. అరుగు మీద కూచున్న ముసలోళ్లలో ఎవరినడిగినా చెప్పేవోరు. ఇప్పుడు ఆ అరుగులూ లేవు. ముసలోళ్లు కూడా తలో కాలనీలో ఉన్నారండి. పక్కింటోళ్లు ఎక్కడున్నారో కనుక్కోటానికే మాకు ఏడాది పట్టింది."

ఎవరినడిగినా చెబుతారు. బామ్మగారన్న మాటే. అప్పుడది ఆహ్వానం అనుకున్నాను. అది చిరునామా అని ఇన్నాళ్లకి తెలిసింది. ఆ చిరునామాకి గోడలు, వీధులు కాదు ముఖ్యం. అడిగితే చెప్పే మనుషులంతా ఒక్కచోట ఉండాలి.

అతని పేరు అడిగాను. చెప్పాడు. కాలనీ ఎక్కడో అడిగాను. చెప్పాడు. పిల్లలెందరు, ఏం చదువుతున్నారు అన్నీ అడిగాను, బామ్మగారిలాగే. కాగితం మీద రాసుకున్నాను. అతను కాస్త ఆశ్చర్యంగా చూసి, ఇంకో టీ ఇచ్చి, డబ్బులు తీసుకోలేదు.

పాపికొండలు వచ్చాయి. కొండలు అలాగే ఉన్నాయి. దగ్గరికొచ్చి, దారి మూసేసినట్టే భయపెట్టి, పక్కకి తప్పుకున్నాయి. బోటులో ఓ అబ్బాయి, ఓ అమ్మాయి కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుకుంటున్నారు. బుగ్గలెర్రబడ్డాయి ఇద్దరికీ. తిరుగు ప్రయాణంలో చూస్తే ఒకే చిప్స్ పొట్లంలో చేతులు పెడుతున్నారు. నది తన పని మానలేదన్నమాట!

ఒడ్డు దగ్గర పడుతుండగా ఆ అబ్బాయి పక్కకి వెళ్లి నిలబడ్డాను. ముక్కూ మొహం తెలీని ముసలాడు ఏం చెబుతాడా అని చూశాడు.

"బాబూ, దిగేలోగా ఆ అమ్మాయి పేరు అడుగు. ఊరు కూడా అడుగు" అన్నాను.

"పేరు, నంబరు అయిపోయాయండీ అంకుల్" అన్నాడు గర్వంగా ఫోను చూపించి. ఓ క్షణం ఆగి, "ఊరే అడగలేదు" అని, గబగబా వెనక్కి నడిచాడు.